చీకటమ్మ అరటిపళ్ళ డబ్బా

ఆ పరిశోధన కేంద్రంలో ఆమెను అందరూ చీకటమ్మ అనేవారు. మనిషి నలుపనో, మొహం ముడుచుకుని తిరుగుతుందనో కాదు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ పనంతా చీకటిగదిలోనే. కిటికీల్లేని గది, దానికి రెండు తలుపులు, ఒకటి మూస్తేగానీ రెండోది తెరుచుకోదు. లోపల కన్ను పొడుచుకున్నా కానరాదు. మరీ అవసరమైతే మిణుకుమిణుకుమనే ఆకుపచ్చ దీపం ఒకటి. ఆ దీపం కింద కూర్చుని ఆవిడ మొలకలు లెక్కపెట్టేది.

చేరడం మాత్రం ఊడ్చే పనికే చేరింది. భర్త పోయిన కొత్తలో, ఇంట్లో తనూ అత్తగారూ ఇద్దరే మిగిలి దిక్కు తోచని రోజుల్లో దొరికిన పని. ఒకరోజు డాక్టరమ్మ పారెయ్యమని కొన్ని గాజుపళ్ళాలు ఇచ్చింది. డాక్టరమ్మ అంటే మందులిచ్చే డాక్టరు కాదు, మొక్కల జన్యువుల మీద పనిచేసే శాస్త్రవేత్త, ఆ విభాగానికి పెద్ద. పళ్ళాలు చెత్తబుట్టలో వెయ్యబోతూ ఈవిడ ఆగిపోయింది.

"అమ్మా, అన్నీ గిడసబారిపోయాయిగానీ, ఇదొక్కటి ఇలా నిలబడిందేంటమ్మా?" అంది.

డాక్టరమ్మ చూసింది. అరచేతిలో పట్టే పళ్ళెంలో నూరు మొలకలు పొట్టిగా, లావుగా, మెడలు వంచుకుని ఉన్నాయి. ఒక్కటే ఒక్కటి సన్నగా, తెల్లగా, దారంలా నిటారుగా సాగింది. రెండేళ్ళుగా ఆవిడ వెతుకుతున్న మొక్క అదే! ఆ సంబరంలో చీపురు లాక్కుని పక్కన పడేసింది. మర్నాటి నుంచి ఈవిడ చేతికి చీపురు పోయి భూతద్దం వచ్చింది. డాక్టరమ్మకు ఆ తర్వాత వచ్చిన పేరంతా ఆ ఒక్క మొలక సంతానమే. ఆ మాట డాక్టరమ్మే పదిమందిలో చెప్పేది, అది కూడా చెప్పుకోవాలి కదా.

ఇంతకీ ఏమిటా మొలక గొప్ప? ఎథిలీన్ అని ఒక వాయువు ఉంది. కాయ పండాలన్నా, పువ్వు వాడాలన్నా, ముదిరిన ఆకు రాలాలన్నా మొక్క తనలో తాను పుట్టించుకునే కబురు అది. భూమిలో మొలకకు రాయి అడ్డొస్తే వచ్చేదీ ఆ కబురే. పొడుగు సాగకు, లావెక్కు, మెడ వంచుకుని నెట్టుకురా అని. మరి కబురు అందేదెలా? డాక్టరమ్మ చీకటమ్మకు చెప్పింది ఇలాగ. మొక్కలో ప్రతి కణంలోనూ కాపలావాళ్ళలాంటి అణువులుంటాయి. పొద్దస్తమానం "అంతా క్షేమం, అంతా క్షేమం" అని కేకేస్తూ ఉండటమే వాళ్ళ పని. ఎథిలీన్ వచ్చి తగిలిందా, కాపలావాడి నోరు మూతపడుతుంది. కేక ఆగిందంటే వేళయిందని మొక్కకు తెలుస్తుంది. ఆ నిటారు మొలకలో కాపలావాణ్ణి తయారుచేసే జన్యువు మారిపోయి ఉంది, డాక్టరమ్మ దాన్ని తీసి పెటూనియా మొక్కలో పెట్టింది. ఈ కొత్తవాడు ఎథిలీన్ తగిలినా ఉలకడు, నోరు మూయడు. మొక్కకు వయసు మీద పడ్డా అంతా క్షేమమే. అందుకే రెండు రోజుల్లో వాడాల్సిన ఆ గంటల్లాంటి తెల్లపూలు పదిరోజులైనా పొద్దున పూసినట్టే ఉండేవి. పనివాళ్ళు వాటికి చెవిటి మొక్కలని పేరు పెట్టుకున్నారు.

"బాగానే ఉంది కదా, ఎవరికి చేదు?" అనుకుంది చీకటమ్మ మొదట్లో. మొక్కలు పెంచే నాలుగో గాజుగదిలో వేరుకుళ్ళు తెగులు వచ్చినప్పుడు గానీ ఆవిడకు తత్వం బోధపడలేదు. మామూలు మొక్కలు తెగులు తగలగానే ఆకులు పసుపెక్కించి, రాల్చి, నానా యాగీ చేశాయి. చూసినవాళ్ళు పరుగెత్తుకొచ్చి వాటిని వేరుచేశారు. చెవిటి మొక్కలు మాత్రం పూలతో కళకళలాడుతూ నిలబడే ఉన్నాయి. అనుమానం వచ్చి ఒకదాన్ని కుండీలోంచి ఎత్తితే వేళ్ళు గంజిలా జారిపోయాయి. అప్పటికే వాటి తెగులు పక్క బల్ల మీది టమాటా నారుకు పాకి, మొత్తం నారును పొట్టన పెట్టుకుంది. ఆ రోజు నుంచి చీకటమ్మకు ఆ పూలంటే ఒళ్ళు జలదరించేది.

అందుకే అక్కడ నిబంధనలు నిప్పులాంటివి. ఒక్క గింజ బయటికి పోకూడదు. బయటికొచ్చేముందు కోటు, టోపీ, చేతితొడుగులు అన్నీ, అంటుకున్న గింజ ఉంటే చచ్చేలా, ఆవిరిపెట్టెలో పడేయాలి. ఏడాదికోసారి ప్రభుత్వం మనిషి తనిఖీకి వస్తాడు. తేడా వస్తే అనుమతి రద్దు, కేంద్రానికి తాళం, పన్నెండుమంది ఇంటికి.

ఇన్ని జాగ్రత్తల మధ్య చీకటమ్మకు ఒక పాడు అలవాటు. పెటూనియా గింజ నలుసంత ఉంటుంది, వేళ్ళకు దొరకదు. టూత్‌పిక్కు కొస తడిచేసి దాంతో అంటించి తియ్యాలి. రెండు చేతులూ పళ్ళెం మీద ఉన్నప్పుడు ఆ పుల్ల ఎక్కడ పెట్టాలి? బల్ల మీద పెడితే చీకట్లో దొరకదు. అందుకని టోపీ కిందనుంచి మెడమీది జుట్టుముడిలో గుచ్చుకునేది. దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకోడా, ఇదీ అంతే. కోటూ టోపీ ఆవిరిపెట్టెలోకి పోయేవి. జుట్టుముడి ఇంటికి వచ్చేది. ఇంటికొచ్చి తల దువ్వుకుంటుంటే ఒకటో రెండో పుల్లలు పడేవి. "అయ్యో నా మతిమరుపు" అనుకుని అద్దం దగ్గర పెట్టేసేది. పంతొమ్మిదేళ్ళు అక్కడే పనిచేసిన మనిషికి ఆ మాత్రం తట్టలేదా అంటే, తట్టలేదు. రోజూ చేసే పనిలోనే బుద్ధి గడ్డి తింటుంది.

ఇంట్లో వెనక వసారా అత్తగారి సామ్రాజ్యం. అక్కడి కుండీల జోలికి ఎవరూ పోకూడదు. ఒక ఆదివారం వాన తుంపర మొదలైతే ఆరేసిన బట్టలు తియ్యడానికి కోడలు అటు వెళ్ళింది. మిరపమొక్కల కుండీలో, ఓ పక్కన, తెల్ల పెటూనియా ఒకటి విరగబూసి ఉంది. కింద ఎండిన కాయలు కూడా ఉన్నాయి. అంటే పూయడం ఇవాళా నిన్నా మొదలుపెట్టింది కాదు.

"ఎక్కడిదత్తయ్యా ఈ మొక్క?"

"ఎక్కడిదేంటి, దానంతట అదే మొలిచింది!" అంది అత్తగారు లోపల్నుంచే. "మిరపనారు వాలిపోతుంటే నీ అద్దం దగ్గరున్న పుల్లలు తెచ్చి ఊతంగా గుచ్చా. ఆ పక్కనే లేచింది మహాతల్లి. ఎన్ని రోజులైనా వాడదమ్మాయ్, చూశావా? నువ్వు అన్నేళ్ళుగా గాజుగదుల్లో ఏం పెంచుతున్నావో గానీ, చెయ్యంటే నాది!"

చీకటమ్మకు జుట్టుముడిలోంచి రాలిన ఆ పుల్లలు, వాటి కొసల తడి గుర్తొచ్చాయి. చేతిలో బట్టలు తడిసిపోతున్నా అలాగే నిలబడిపోయింది.

మనసు ఊరుకుంటుందా? వంద సాకులు వెతికింది. గాలికి ఎక్కణ్ణుంచో వచ్చిన మామూలు గింజేమో. చల్లటి రోజులు కదా, పూలు ఆగుతున్నాయేమో. అప్పుడే విచ్చిన పువ్వు ఒకటి చూసి, పుప్పొడి వేలితో అద్ది, కాడకు ఎర్రదారం కట్టింది. పుప్పొడి అందిన మామూలు పెటూనియా రెండో రోజుకల్లా తల వాల్చేస్తుంది. మూడో రోజు చూసింది. ఐదో రోజు చూసింది. ఎనిమిదో రోజు పొద్దున్న కూడా ఆ పువ్వు రేకులు బిగించుకుని ఆవిడ మొహంలోకే చూస్తోంది.

"అత్తయ్యా, ఆ మొక్క కాయలున్నాయా?" అంది వీలైనంత మామూలుగా.

"ఉన్నాయి, ఒక్క పొట్లం దాచా. తక్కినవన్నీ పంచేశాగా."

"పంచేశారా? ఎవరికి?"

"ఎవరికేంటి, అడిగినవాళ్ళందరికీ. పై అంతస్తు టీచరుకి, ఎదురింటి కుట్టుమిషనావిడకి, లిఫ్టు బాగుచేసే ఆయన భార్యకి... తొమ్మిదిళ్ళు. ఆ కూరగాయల నారు అమ్మే ఆయన లేడూ, ఆయన రెండు పొట్లాలు పట్టుకెళ్ళాడు. టమాటా నారుమళ్ళ గట్ల మీద చల్లుకుంటాడట. ఏం, నీకేమైనా కష్టమా? నా మొక్క, నా గింజలు!"

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. టమాటా నారుమళ్ళ గట్లు! ఆ ఊరి తోటలన్నిటికీ నారు పోయేది అతని దగ్గర్నుంచే. పై అంతస్తు టీచరు కుండీలో మొక్క కుళ్ళితే ఒక కుండీ పోతుంది. నారుమడి గట్టు మీద చెవిటి మొక్క పూలు పూసుకుంటూ లోపల కుళ్ళితే, దాన్ని చూసి ఎవరికి అనుమానం వస్తుంది? నాలుగో గాజుగదిలో గంజిలా జారిపోయిన వేళ్ళు ఆవిడ కళ్ళ ముందుకొచ్చాయి.

ఇంకా చివరి ఆశ ఒకటుంది. పువ్వు అబద్ధం చెప్పొచ్చు, మొలక చెప్పదు. కేంద్రంలో వాయువు సిలిండర్లుంటాయి. ఇంట్లో ఏముంది? మగ్గిన అరటిపండుంది. మగ్గే పండు విడిచేదీ ఎథిలీనే. ఖాళీ బిస్కెట్ల డబ్బా తీసుకుని అడుగున తడిగుడ్డ పరిచింది. మధ్యలో దారం అడ్డంగా పెట్టి, ఎడమవైపు కొట్లో కొన్న మామూలు పెటూనియా గింజలు ఇరవైనాలుగు, కుడివైపు అత్తగారి పొట్లంలోవి ఇరవైనాలుగు అంటించింది. గింజలు మొలకకు సిద్ధమయ్యేందుకు రెండు రోజులు వెలుగులో ఉంచింది. తర్వాత నల్లమచ్చలు పడ్డ రెండు అరటిపళ్ళు ఓ మూల పెట్టి, మూత బిగించి, దుప్పట్ల అలమారలో అడుగున దాచింది. ఐదు రోజులు తెరవకూడదు. వెలుగు పడితే అంతా వృథా.

ఆ ఐదు రోజులూ ఆవిడ బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. మెట్ల మీద చప్పుడైతే తనిఖీవాళ్ళేమోనని ఉలిక్కిపడేది. పై అంతస్తు టీచరు "మీ అత్తగారి గింజలు మొలిచాయండీ!" అని నవ్వుతూ చెబితే రెయిలింగు పట్టుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కేంద్రంలో ఎవరు తలదువ్వుకున్నా తన ముడి తడుముకునేది. దానికి తోడు ఇంట్లో అత్తగారి ముక్కు ఒకటి.

"ఎక్కడో అరటిపండు కుళ్ళుతోందమ్మాయ్. దుప్పట్ల అలమార దగ్గర."

"అక్కడ పండెందుకుంటుంది అత్తయ్యా? మీకు జలుబు చేసుంటుంది."

"జలుబు చేస్తే వాసన తెలీదే, వెర్రిదానా!" అని అలమార మీద చెయ్యి వేసింది. చీకటమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి తలుపుకు అడ్డం నిలబడింది. అత్తగారు కోడలి మొహం చూసింది. ఏమనుకుందో ఏమో, వెళ్ళిపోయింది. పిచ్చి పట్టిందనే అనుకుని ఉంటుంది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. అత్తగారు బజారుకు వెళ్ళగానే చీకటమ్మ డబ్బా తీసుకుని స్నానాలగదిలో గడియ పెట్టుకుంది. మూత మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. తెరవకుండా చెత్తబండిలో పడేస్తే? ఎవరికి తెలుస్తుంది? అంతా వట్టి భయమని రేపట్నుంచి హాయిగా ఉండొచ్చు. అనుకుంది, సిగ్గుపడింది, తెరిచింది.

ఎడమవైపు మామూలు గింజలు మొలిచినవి మొలిచినట్టే పొట్టిగా, లావుగా, మెడలు వంచుకుని కూర్చున్నాయి. కుడివైపు ఇరవై మొలిచాయి. ఐదు పొట్టివి. పదిహేను సన్నగా, తెల్లగా, నిటారుగా సాగి మూతకు తగిలి వంగాయి. ముప్పాతిక వంతు. మారిన జన్యువు ఒకటి మోసే మొక్క గింజల్లో నాలుగింట మూడు దాన్ని మోస్తాయని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్ళ బకెట్టు మీద కూలబడి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

సోమవారం పొద్దున్నే డాక్టరమ్మ గదికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. పుల్ల దగ్గర్నుంచి నారుమడి దాకా అంతా చెప్పింది. విన్నాక డాక్టరమ్మ ఆశగా ముందుకు వంగింది.

"అరటిపళ్ళు సరిగ్గా మగ్గలేదేమో. వాయువే పుట్టకపోతే ఏ మొలకైనా పొడుగ్గానే వస్తుంది."

"కొట్లో గింజలు కూడా అదే డబ్బాలో వేశానమ్మా. అవి గిడసబారాయి."

డాక్టరమ్మ వెనక్కి వాలింది. అలా పక్కన మామూలువి పెట్టి చూడాలని నేర్పింది తనే మరి.

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదమ్మా."

"గురువారం తనిఖీ. మూడు నెలల్లో ఈ మొక్కల్ని బయట పెంచి చూడటానికి పెద్ద అనుమతి రాబోతోంది. పద్దెనిమిదేళ్ళ పని." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "విను. ఆ మొక్కలు బయట ఎక్కువ రోజులు బతకవు. వేళ్ళు బలం లేనివి, వాటంతట అవే పోతాయి."

"పోయేముందు నారుకు అంటిస్తాయి కదమ్మా. నాలుగో గదిలో చూశాంగా."

"గురువారం అయ్యాక చూద్దాం అంటున్నానా! నువ్వు నాకేం చెప్పలేదు. నేనేం వినలేదు. వెళ్ళు, పని చూసుకో."

చీకటమ్మ వెళ్ళింది. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ డాక్టరమ్మ కళ్ళలో అంత భయం ఎప్పుడూ చూడలేదు. తన భయం తను మొయ్యగలదు, ఆ భయం మాత్రం చూడలేకపోయింది.

మంగళవారం సెలవు పెట్టి నారుమళ్ళ దగ్గరికి పోయింది. నారు ఆసామి గట్లు చూపించాడు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పచ్చగా, గుండుసూది తలకాయలంత మొలకలు. తడి మట్టి, గట్టు కిందే టమాటా నారు.

"రెండు పొట్లాల్లో ఎన్ని గింజలో చూశారా!" అన్నాడతను మురిసిపోతూ. "వేరే పెటూనియా గింజలు కూడా కలిపి చల్లా. మీ అత్తగారిది చల్లని చెయ్యండీ."

"వీటిని పీకేస్తే... కొత్తవి తెచ్చిస్తాను."

"పీకడమా? ఎందుకూ?" అని అతను నవ్వాడు. అసలు సంగతి చెబితే డాక్టరమ్మ పని పోతుంది. ఏది తనదో ఏది మామూలుదో వెలుగులో మొలిచాక దేవుడైనా చెప్పలేడు. ఇంకో వారంలో ఆ నారు తోటలకు బయల్దేరుతుందని అతనే చెప్పాడు.

గురువారం తనిఖీ అధికారి వచ్చాడు. పెద్దవయసు మనిషి, మెల్లగా మాట్లాడతాడు. కుండీలు లెక్కపెట్టాడు, తాళాలు లాగి చూశాడు, ఆవిరిపెట్టెలో చెయ్యి పెట్టి చూశాడు. ఆఖర్న అందర్నీ హాల్లోకి పిలిచి, ఏటా అడిగే ప్రశ్నే ఒక్కొక్కరినీ అడిగాడు.

"ఈ ఏడాదిలో మొక్కగానీ గింజగానీ మీ వల్ల బయటికి పోయిందా?"

"లేదండీ." సంతకం. "లేదండీ." సంతకం. చీకటమ్మ వంతు తొమ్మిదోది. డాక్టరమ్మ కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఒక్కమాట, అందరూ అన్న మాటే, అనేస్తే ఇంటికి పోవచ్చు. ఇంకో వారంలో నారు బయల్దేరుతుంది.

"పోయిందండీ," అంది.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆవిడ చెప్పుకుపోయింది. పుల్ల, కుండీ, తొమ్మిదిళ్ళు, నారుమళ్ళు, డబ్బా, పదిహేను మొలకలు. లెక్క తప్పలేదు. ఆయన అన్నీ రాసుకుని, వెంటనే ఫోను తీసి నారు ఆపించమని ఎవరికో చెప్పాడు. అప్పుడు చీకటమ్మకు కాస్త ఊపిరాడింది. గండం గడిచిందనుకుంది పాపం.

"డబ్బా తెరిచింది ఆదివారం. ఇవాళ గురువారం," అన్నాడాయన రాసుకున్నది చూసుకుంటూ. "ఈ నాలుగు రోజుల్లో కేంద్రంలో ఎవరికైనా చెప్పారా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆవిడ అనుకోలేదు. రెండు వారాలకు పైగా ఎన్నెన్నో ఊహించుకుని భయపడిన మనిషి, దీన్ని మాత్రం ఊహించలేదు. చెప్పానంటే డాక్టరమ్మ జన్మలో మళ్ళీ మొక్క ముట్టుకోలేదు. చెప్పలేదంటే తెలిసి దాచిన నేరం మొత్తం తన ఒక్కదాని నెత్తినే. చీపురు లాక్కుని పక్కన పడేసిన ఆ చెయ్యి కిటికీ ఊచ మీద ఉంది, వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని.

"మిమ్మల్నే. ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ. నేనే దాచాను."

అని, ఆగింది. డాక్టరమ్మ ఏమైనా అంటుందేమోనని ఆగింది. అధికారి కూడా ఎందుకో వెంటనే రాయలేదు. ఎవరో దగ్గారు. డాక్టరమ్మ అటు తిరిగి గాజుగదుల వైపే చూస్తోంది.

"అలాగే రాసుకోమంటారా?" అన్నాడాయన.

"రాసుకోండి."

ఆయన రాసి కాగితం ముందుకు జరిపాడు. సంతకానికి కలం కోసం ఆవిడ అటూ ఇటూ వెతికింది. అప్పుడు కదిలింది డాక్టరమ్మ. దగ్గరికొచ్చి, కోటు జేబులోంచి తన కలం తీసి, మూత విప్పి, బల్ల మీద పెట్టింది. చీకటమ్మ సంతకం చేసింది. కలం వెనక్కి చాపి, "ఇదిగోనమ్మా," అంది.

"ఉంచుకో," అంది డాక్టరమ్మ, ఆవిడ మొహం చూడకుండా.